వెదురాకు తలకట్టు

నేను చైనా వెళ్ళి వచ్చానని నమ్మేవాళ్ళు ఖమ్మంలో ఇప్పటికీ కొందరున్నారు. వాళ్ళకు చెప్పింది నేనే. అక్కడొక కొండ మీద, మంచులో, తెల్లగడ్డం ముసలాయన ఎదురుగా కూర్చుని కుంచె పట్టడం నేర్చుకున్నాననీ, నా చేతివేళ్ళు చూసి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడనీ టీ కొట్టు దగ్గర చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ కొండ కొంచెం ఎత్తు పెరిగింది. నిజానికి నేను వెళ్ళింది భద్రాచలం దాటాక చర్ల రోడ్డు మీద కొంతదూరం. నా చైనా అంతే. అది కూడా ఎర్రబస్సులో, కాళ్ళ దగ్గర ఎవరిదో కోళ్ళ గంప పెట్టుకుని.

ఫోనులో వేలితో నొక్కి అక్షరాల వేషం మార్చేసే పిల్లలు మీరు. ఆ వేషాల వరుసలో కిందెక్కడో, తలకట్టు ఉండాల్సిన చోట వెదురాకు ఉన్న తెలుగు అక్షరాలు మీకు కనిపించే ఉంటాయి. నూడుల్స్ బండి మీద, చీరల కొట్టు సంచి మీద, బ్యూటీపార్లర్ ఫ్లెక్సీ మీద చూసే ఉంటారు. అవి పుట్టింది ఖమ్మంలో, నా రేకుల గదిలో. ఎవరు చేశారని అడిగిన ప్రతివాడికీ "నేనే" అని చెప్పాను. ఇదీ ఆ మంచుకొండ లాంటిదే. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది నేను. రాసింది మా అన్న.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. బోర్డులు రాసే పనిలో నాకంటే ముందున్నవాడు. నేను చేరిన రోజున నా చేతికి కుంచె ఇవ్వకుండా టర్పెంట్ డబ్బా ఇచ్చి, "ముందుగాల కడుగుడు నేర్చుకో, రాసుడు అదే వస్తది" అన్నవాడు. బొగ్గుబావి కార్మికుడి కొడుకు. "మా నాయిన నలుపు ఒంటికంటింది, నాది గోడకంటింది, గంతే తేడా" అనేవాడు. ఆదివారం ప్రార్థన మానేవాడు కాదు. చర్చి గోడ మీద వాక్యం రాసేటప్పుడు చెప్పులు విప్పి నిచ్చెనెక్కేవాడు. తీరా చూస్తే బ్రాందీ షాపు గోడకు కూడా చెప్పులు విప్పేవాడు. ఇదేందన్నా అంటే, "గోడకేం దెలుస్తదిర దాని లోపల ఏమమ్ముతరో" అన్నాడు.

మా పని పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ముందు సుద్ద పూసిన దారం కొట్టి గీత తీస్తాం. చాక్‌పీసుతో అక్షరం అంచు గీస్తాం. లోపల రంగు నింపుతాం. ఆఖర్న సన్నకుంచె తీసుకుని, వంకరపోయిన చోటల్లా అంచు సరిచేస్తాం. దీన్ని టచప్ అంటాం. టచప్ చెయ్యకుండా బోర్డు అప్పగించడం, మొహం కడుక్కోకుండా పెళ్ళికి పోవడం లాంటిది. అన్న టచప్ చేసిన బోర్డు కింద నిలబడి మేమంతా తప్పు వెతికేవాళ్ళం. దొరికేది కాదు. ఆయన మాత్రం వెతుక్కుని ఒకటి పట్టుకునేవాడు.

ఫ్లెక్సీ వచ్చింది. రాత్రికి రాత్రి రాలేదు గానీ, వచ్చాక ఏ రాతనూ మిగల్చలేదు. మా బోర్డులు ఊడదీసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. వాటిమీదే ఫ్లెక్సీ పరిచి మేకులు కొట్టారు. నేను తెలివైనవాణ్ణి కాబట్టి కంప్యూటర్ నేర్చుకున్నాను అని రాద్దామనుకున్నాను. కానీ తెలివి కాదు, భయం. పెళ్ళిపత్రికలు, రబ్బరు స్టాంపులు, కరపత్రాలు చేసుకుంటూ రేకుల గదిలో కూర్చున్నాను. అన్న నా గదిలోనే ఓ మూల స్టూలు వేసుకుని బండ్ల నంబరు ప్లేట్లు, ట్రాక్టర్ తొట్టెల మీద పేర్లు రాసేవాడు.

అట్లాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఫాంట్లు అమ్మే కుర్రాడొచ్చాడు. ఫ్లెక్సీ షాపులకు కొత్త కొత్త అక్షరాలు తయారు చేయించి అమ్మడం అతని వ్యాపారం.

"అంకుల్, చైనీస్ లుక్ గావాలె. తెలుగే, కానీ చూడంగనే చైనా అనిపియ్యాలె. డ్రాగన్ గిట్ల ఉండాలె. ఫాస్ట్‌ఫుడ్ వాళ్ళు పాగల్ అయిపోతరు."

మూలనుంచి అన్న తలెత్తాడు. "డ్రాగనంటే ఏంది?"

"మంటలు కక్కే పాము, పెదనాయినా."

"మంచిదే. పొయ్యి ఖర్చుండదు."

నవ్వుకున్నాం గానీ పని ఒప్పుకున్నాం. మొదటి అక్షరాలు మా పద్ధతిలోనే చేశాం. అంచు గీసి, మొనలు తేల్చి, లోపల నింపి, టచప్ చేసి. చూస్తే గీతలన్నీ కోసుగా, ఎర్రగా, వీరావేశంతో ఉన్నాయి. బస్టాండు దగ్గర నూడుల్స్ బండి పెట్టిన అబ్బాయికి చూపించాం, వాడికి నచ్చితే లోకానికి నచ్చినట్టేనని.

వాడు గరిటె ఆపి చూశాడు. "అన్నా, ఇవి మటన్ కొట్టుకైతే మస్తుంటయి."

"చైనా రాత ఎట్లుంటదో నీకు తెల్వదా? రోజూ అదే వండుతవు గదా!" అన్నాను.

"నాకేం దెలుసే? మాది చండ్రుగొండ. సాస్ సీసా మీద బొమ్మ జూసిన, గంతే."

అప్పుడు ఫాంట్ల కుర్రాడు అన్న ఫోనులోకి కొన్ని వీడియోలు పంపాడు. అందులో ఒకటి అన్నను పట్టుకుంది. చైనాలో ఏదో పార్కు. మన రాతిబండల్లాంటి బండలు పరిచి ఉన్నాయి. ఒక ముసలాయన చీపురంత పొడుగు కుంచెను బకెట్ నీళ్ళలో ముంచి, ఆ బండల మీద అక్షరాలు రాసుకుంటూ నడుస్తున్నాడు. రంగు లేదు, ఉత్త నీళ్ళు. ఈ చివర రాస్తుంటే ఆ చివర ఆరిపోతోంది. ముసలాయన వెనక్కి తిరిగి చూడటం లేదు. అంచు గీయడం లేదు. సరిచేయడం లేదు. ఒక్క ఊపిరిలో ఒక గీత, అది ఎట్లా పడితే అట్లానే.

"టచప్ లేదుర తమ్మీ," అన్నాడు అన్న, అదేదో దొంగతనం కనిపెట్టినట్టు. "ఈయనకు టచప్పే లేదు."

మర్నాటి నుంచి తన ఇంటి ముందు బండల మీద అదే పని. మేకవెంట్రుకలు తెచ్చి వెదురుపుల్లకు కట్టి తనే కుంచె చేసుకున్నాడు. ఖమ్మం ఎండలో నీళ్ళు నిలుస్తాయా? 'అ' రాసి 'ఆ'కు పోయేసరికి 'అ' ఆవిరి. వదిన గుమ్మంలో నిలబడి నాతో అంది, "మరిదీ, ఇన్నేండ్లు గోడలు ఖరాబు జేసిండు, ఇగ వాకిలి మీద పడ్డడు. కడిగిన బండలు మళ్ళ కడుగుతుండు, మనిషికి ఎండ గొట్టిందా ఏంది?"

"నువ్వు కడిగితె మరకలే పోతయి," అన్నాడు అన్న, తల ఎత్తకుండా. "నేను కడిగితె అక్షరాలు గూడ పోతయి."

డ్రాగన్ వద్దనుకున్నాం. మన అక్షరాలు గుండ్రం, వాళ్ళ గీతలు విరుపు. ఈ రెంటినీ కలపడం ఎట్లాగో చాలా రోజులు తెగలేదు. చైనా వాళ్ళు కుంచెతో వెదురు బొమ్మ వేస్తారనీ, కుంచె నొక్కి లేపితే ఒక ఆకు వస్తుందనీ వీడియోల్లో చూశాం. అన్న ఆ ఆకును తీసి 'క' నెత్తిన పెట్టాడు. తలకట్టు పోయి వెదురాకు వచ్చింది. ఆ కాగితం చూసి నేను నోరు మూసుకున్నాను. నన్నెరిగినవాళ్ళకు అదెంత అరుదైన సంగతో తెలుసు. తర్వాత దారి దొరికింది. దీర్ఘాలకు చేపతోక, ఏత్వానికి వెదురు కణుపు, ఒత్తులకు రాలిన పూరేకు. గుండ్రాలను మాత్రం ముట్టుకోలేదు. "వాగుల రాయి లెక్క ఉండనీ" అన్నాడు.

అయితే అసలు వెదురును దగ్గర కూర్చుని చూడాలన్నాడు. అట్లా నా చైనా యాత్ర జరిగింది. భద్రాచలంలో బస్సు మారి, చర్ల రోడ్డులో అడవి దగ్గరపడ్డచోట దిగాం. రోడ్డు పక్క తడికెల హోటల్, దాని వెనక వెదురు పొదలు. మేం పొదల ముందు కూర్చుని ఆకుల్నే చూస్తుంటే హోటలామె బయటికి వచ్చింది.

"ఎవరయ్యా మీరు? ఫారెస్టోళ్లా?"

"కాదమ్మా."

"మరి ఉత్తగ చెట్టును గట్ల జూస్తరా ఎవరన్న?"

"ఆకులు ఎట్లుంటయో చూద్దామని," అన్నాను.

ఆమె మా తలలు నెరిసిన సంగతి ఓసారి చూసి, "పుట్టి ఇన్నాళ్ళాయె, ఇప్పటిదాంక ఆకు జూడలేదా!" అని లోపలికి పోయి, అక్కడున్నవాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. లోపల నుంచి చాలాసేపు నవ్వు వినబడింది. చైనా ముసలాయన కన్నీళ్ళ స్థానంలో మాకు దక్కింది అదీ.

అన్న నవ్వలేదు. సిరా బుడ్డి మూత తీసి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఒక ఆకు వేశాడు. రెండోది వెయ్యబోయి ఆగాడు. కుంచె కొన కాగితం మీద చుక్కలు చుక్కలుగా కొడుతోంది. చేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఎడమచేతిలోనూ కుడిచేతి వణుకు కనబడింది. హోటలామె తెచ్చిచ్చిన టీ గ్లాసు అందుకోలేదు, "కింద వెట్టమ్మా" అన్నాడు. కొంతకాలంగా ఆయన టీ కింద పెట్టించుకునే తాగుతున్నాడని నాకు అప్పుడు తట్టింది. రోజూ పక్కనే కూర్చుని చూడని మనిషిని నేను. చైనా వెళ్ళి చూసి వచ్చానని చెబుతాను.

తిరుగు బస్సులో చెప్పాడు. నరాల డాక్టరుకు చూపించుకున్నాడట. గోలీలు వేసుకుంటే కొంతసేపు ఆగుతుంది, ఆగే సమయం తగ్గుతూ పోతుంది, తగ్గడమే గానీ నయమవడం ఉండదు అన్నారట.

"వదినకు తెలుసా?"

"తెలుసు. గ్లాసుల చాయ నిండుగ పోస్తలేదు నాకు." కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు, "తమ్మీ, ఖమ్మంల నా రాత ఎక్కడన్న మిగిలిందా?"

"ఎందుకు లేదన్నా! కమాన్‌బజార్ల..."

"అబద్ధం జెప్పకు. నేను తిరిగి చూసిన. ఒక్కటి లేదు." నా వైపు తిరిగాడు. "మిషన్ల వెడితె పోదు గదా?"

"పోదన్నా."

"మేకులు గొట్టరు గదా దాని మీద?"

"కొట్టరు."

"అయితే ఈ చెయ్యి ఆగినన్ని దినాలు రాస్త. నువ్వు లోపల వెట్టు. రాత ఒక్కటన్న ఉంటె, నేనున్నట్టే."

ఇంక ఆ తర్వాత అది ఫాస్ట్‌ఫుడ్ వాళ్ళ కోసం చేసే పని కాదు.

పొద్దున గోలీ వేసుకుని వచ్చేవాడు. అది పనిచేసే వరకు ఇద్దరం కూర్చునేవాళ్ళం, రైలు కోసం కూర్చున్నట్టు. చెయ్యి కుదుటపడగానే లేచి నిలబడి రాసేవాడు. నల్లసిరా, తెల్ల డ్రాయింగు కాగితం. ఒక్కో అక్షరం ఒక్క ఊపిరి. కుంచెలో సిరా తగ్గినచోట గీత మధ్యలో తెల్లచారలు పడేవి. చైనా వాళ్ళు దాన్ని తుడిచెయ్యరు, దాన్నే మెచ్చుకుంటారని మేం విన్నాం. చెయ్యి కుదురు అంటే పూర్తిగా కుదురు కాదు, ఎక్కడో అడుగున వణుకు ఉండనే ఉండేది. అది వెదురాకు అంచులోకి వచ్చేది. ఆకు చిన్నగాలికి కదిలినట్టు ఉండేది. మంచి రోజుల్లో ఆయన రాసిన బోర్డుల్లో ఏ అక్షరమూ కదలలేదు. ఇవి కదిలేవి. ఇంత మాట నేను పెంచి చెబుతున్నానని మీరనుకుంటే తప్పు మీది కాదు, నా చరిత్ర అట్లాంటిది. కానీ ఇది పెంచింది కాదు.

వాటిని స్కానర్లో పెట్టి లోపలికి తీసుకున్నాను. కంప్యూటర్ తెర మీద ఒక్క అక్షరం తెరంత పెద్దదిగా కనిపిస్తుంది. ఒకరోజు అన్న నా వెనక నిలబడి 'ర'ను చూశాడు. చాలాసేపు చూశాడు.

"గిట్ల వచ్చిందా?"

"ఎంత మంచిగొచ్చిందో చూడన్నా."

"చెయ్యి వణికినట్టు కనిపిస్తలేదా?"

"గాలికి ఊగినట్టు కనిపిస్తుంది."

"నీకు గాలి. తెలిసినోనికి రోగం." వేలు తెర మీద పెట్టాడు. "ఈడ పళ్ళు వడ్డయి. ఈడ లోపలికి పోయింది. టచప్ జెయ్."

"అన్నా, వాళ్ళకు టచప్ లేదని నువ్వే అంటివి."

"వాళ్ళ చేతులు మంచిగున్నయి కాబట్టి లేదు." ఆ మాట గట్టిగా అనలేదు. "నేనెట్ల రాసేటోన్నో నీకు దెల్సు. నేను పోయినంక మనుషులు చూసేది నా రాతనా, నా జబ్బునా? చెయ్, నా ముంగటనే చెయ్."

నాకు ఎదురుచెప్పే ధైర్యం లేక చేసింది కాదు. నాకూ అదే సరైందనిపించింది. టచప్ చెయ్యని పని అప్పగించడం మాకు చేతకాదు. అంతే. పక్కపక్కన కూర్చున్నాం. ఆయన వేలు చూపించడం, నేను మౌసుతో అంచు లాగి నున్నగా చేయడం. తెల్లచారలు పూడ్చాం. ఆకు కొనలు సమం చేశాం. నిజం చెబితే ఆ రోజులు సంతోషంగా గడిచాయి. పాత రోజుల్లో బోర్డు కింద నిలబడినట్టు, ఆయన తప్పు పడుతుంటే నేను దిద్దుతుంటే, ఇద్దరికీ వయసు తగ్గినట్టుండేది. వదిన గుమ్మంలోనే పెట్టి, తెర చూడకుండా పోయే సగం గ్లాసు టీలు చల్లారిపోయేవి.

దిద్దినదాన్ని దిద్దిన ఫైలు మీదే సేవ్ చేశాను. పాతదాన్ని వేరే పెట్టుకోవాలని తోచలేదు. గోడ మీద టచప్ చేస్తే కింది అంచును దాచిపెడతామా? ఇక కాగితాలు. కంప్యూటర్లోకి ఎక్కిన కాగితం మాకు నమూనా కాగితమే. నమూనా పని అయిపోతే దాంతో కుంచెలు తుడుచుకుంటాం. మా వాళ్ళెవరి గదికి పోయినా రంగురంగుల తుడుపు కాగితాలు గుట్టగా ఉంటాయి. అన్న కూడా ఆ నంబరు ప్లేట్లు రాసే కుంచెలను వాటికే తుడిచేవాడు. నేనూ తుడిచాను. మీలో కంప్యూటర్ పని నేర్చుకున్నవాళ్ళు "కాపీ ఉంచుకోవాలి గదా తాతా" అంటారు. ఉంచుకోండి. నేనూ ఇప్పుడు అన్నిటికీ ఉంచుకుంటున్నాను. పెళ్ళిపత్రికలకు కూడా.

ఫాంట్ తయారై, దాన్ని చూపించడానికి కుర్రాడు వచ్చిన రోజు అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్రాడు తన లాప్‌టాప్‌లో నాలుగు మాటలు కొట్టి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాడు.

"పెదనాయినా, ఏం జేసినవే! చెయ్యితోని రాసినట్టే లేదు. మిషన్ గీసినట్టున్నది, సూపర్!"

పాపం మెచ్చుకోవాలనే అన్నాడు. అతని వయసులో అంతకంటే పెద్ద మెప్పు లేదు. అన్న కాగితాన్ని వెలుతురుకు పట్టాడు. కాగితం వణుకుతోంది, అందులోని అక్షరాలు మాత్రం వణకడం లేదు. వెదురాకులు ప్లాస్టిక్ పూలదండలో ఆకుల్లా నున్నగా, ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉన్నాయి. తప్పు వెతికితే దొరకదు.

కుర్రాడు ఫైళ్ళు తీసుకుని వెళ్ళిపోయాడు. అన్న కాగితం బల్ల మీద పెట్టి అడిగాడు.

"తమ్మీ, ఇది ఎవరి రాత?"

"నీదే అన్నా."

"నాది నాకు తెల్వదా?" కోపంగా అనలేదు. "మునుపటి బోర్డుల రాత కాదు. ఇప్పటి చేతి రాత కాదు. నడుమ ఎవనిది ఇది?"

నేను ఆ కాగితాన్ని నా వైపు తిప్పుకుని చూశాను.

"టచప్ జెయ్యకముందటివి తియ్యి. వాటినే పంపుదాం. వణికితె వణికినయి."

"లేవన్నా. వాటి మీదనే సేవ్ చేసిన."

"కాయితాలు?"

ఇద్దరం ఒకేసారి మూలకు చూశాం. స్టూలు పక్కన గుట్ట. అన్న వంగి ఒక్కొక్కటీ విప్పాడు. పచ్చరంగు, పసుపురంగు, టర్పెంట్‌కు కరిగి పారిన సిరా. ఒకదాన్లో పచ్చ ఎనామిల్ కింద నుంచి ఒక ఆకు కొన బయటికి ఉంది. దాన్ని గోటితో గీరి చూశాడు. కాగితం చినిగింది.

"మళ్ళ రాస్త," అన్నాడు.

గోలీ వేసుకున్నాడు. కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నా ఆ రోజు రైలు రాలేదు. అయినా లేచి కుంచె ముంచాడు. 'అ' మొదలుపెట్టాడు. గుండ్రం సగం తిరగకముందే కుంచె కాగితం దాటి బల్ల మీదికి పోయింది. ఇంకో కాగితం. ఇంకోటి. నాలుగు రోజులు ఆగి మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత ఇంకో వారం. ఎప్పుడు ఆపేశాడో చెప్పలేను. ఒకరోజు ఆ మేకవెంట్రుకల కుంచెను తీసుకుని కుళాయి దగ్గర చాలాసేపు కడిగాడు. కొన సరిచేసి, ఆరబెట్టి, నా బల్ల సొరుగులో పెట్టాడు.

"ఫాంటు మంచిగుందిరా తమ్మీ," అన్నాడు గుమ్మం దగ్గర. "ఎవరిదో గాని మంచిగుంది."

తరువాతి వానాకాలం దాటి, చలి మొదలయ్యే రోజుల్లో పోయాడు. అప్పటికి ఫాంటు ఊళ్ళ మీద పడింది. చండ్రుగొండ అబ్బాయి బండి మీద అదే. ఎవరు రాశారని అడిగినవాళ్ళకు ఆయన పేరు చెప్పడానికి నోరు రాలేదు. చెబితే వాళ్ళు ఆ నున్నటి అక్షరాలు చూసి, ఓహో ఆయన రాత ఇదా అనుకుంటారు. అందుకని "నేనే" అన్నాను. అన్నాక ఒక కొండ కావాల్సి వచ్చింది, మంచు కావాల్సి వచ్చింది.

కొన్నాళ్ళకు వదిన నా గదికి వచ్చింది. ఎప్పుడూ టీతో వచ్చే మనిషి ఉత్తచేతులతో వచ్చింది.

"మరిదీ, ఆయన రాసింది ఎక్కడన్న ఒక్కటి చూపెట్టు."

"ఫోటో ఉంది గదా వదినా."

"ఫోటోల ఆయన వేరే దిక్కు చూస్తుండు. రాత జూస్తె ఇంట్ల ఉన్నట్టుంటది."

సొరుగులో కుంచె తప్ప నా దగ్గర ఏమీ లేదు. కంప్యూటర్ తెరిచి చూపించవచ్చు. చూపించలేదు. ఆటో మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం. ముదిగొండలో ఎరువుల దుకాణం, ఆయన రాసిన పెద్దబోర్డు. అక్కడ ఫ్లెక్సీ ఉంది. ఫ్లెక్సీ వెనక చూడనిస్తారా అని అడిగితే, వెనక బోర్డే లేదు, పాతసామాన్ల వాడికి వేశామన్నారు. ఇంకోరోజు బోనకల్ స్టేషను ఎదురుగా టైలర్ షాపు షట్టరు. కొత్తగా బూడిదరంగు కొట్టారు. వదిన ఆ షట్టరు మీద చెయ్యి పెట్టి చూసింది, గీత తగులుతుందేమోనని.

ఆఖరుకు ఆమెకే గుర్తొచ్చింది. చండ్రుగొండ అవతల ఒక పల్లెలో చిన్న చర్చి. పెళ్ళయిన కొత్తలో ఆయన లోపలి గోడ నిండా వాక్యం రాస్తుంటే, ఆమె కింద నిలబడి రంగు డబ్బా అందించిందట. "దేవుని గోడ మీద మేకులెవరు గొడతరు? అది ఉంటది మరిదీ" అంది. నాకూ ఆశ కలిగింది.

పాస్టరుగారు చిన్నవాడు, మర్యాదస్తుడు. తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు.

"పాతగోడ చెమ్మవట్టి పెచ్చులూడిందమ్మా. మొన్న క్రిస్మస్‌కు సంఘపోళ్ళందరు గలిసి టైల్స్ పెట్టించిండ్రు. వాక్యం మాత్రం అదే ఉంచినం, మార్చలే. చూడండి, ఎంత ముచ్చటగుందో."

గోడ నిండా తెల్లటి టైల్స్. వాటి మీద పాత వాక్యం, నల్లటి అచ్చు అక్షరాల్లో. ప్రతి తలకట్టుకూ ఒక వెదురాకు. దీర్ఘాలకు చేపతోకలు.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. వదిన చెప్పులు విప్పి దగ్గరికి నడిచింది. చూపుడువేలు టైలు మీద పెట్టి, మొదటి అక్షరం నుంచి మెల్లగా కూడబలుక్కుని చదివింది. వేలు ప్రతి ఆకు మీద నుంచీ నడిచింది. ఎక్కడా ఆగలేదు.

"మీరు గూడ బోర్డులు రాసేటోరట గదా," అన్నాడు పాస్టరుగారు నాతో. "ఈ అక్షరాలు ఎవరు తయారు చేసిండ్రో తెలుసా అండీ? అందరు అడుగుతున్నరు."

టీ కొట్ల దగ్గర ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేని మాట నాలుక మీదికి రాలేదు. అన్న పేరు కూడా రాలేదు. వదిన గోడవైపు తిరిగి ఉంది.

"తెల్వదయ్యగారూ," అన్నాను.

ఆటో ఎక్కాం. ఎండ ముదిరింది. ఊరి చివరి పత్తిచేలు దాటాం. వదిన కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంచిగనే వెట్టిండ్రు, ఆకులు గిట్ల," అంది. "గని మీ అన్న రాసింది ఇంతకన్న మంచిగుండె. కాదా మరిదీ?"

"అవ్ వదినా," అన్నాను. "చాన మంచిగుండె."